బెంజ్ సర్కిల్ టు మూలపాడు.. గ్రావెల్ రైడ్!

బెజవాడలో గ్రావెల్ అంటే టిప్పర్ లారీలే గుర్తొస్తాయి. గ్రావెల్ బైక్ మాత్రం సైకిలే. వంపు హ్యాండిల్, 40 మి.మీ. లావు టైర్లు. తారు రోడ్డు మీదా, మట్టి బాట మీదా ఒకేలా దూసుకెళ్తుంది.

తెల్లారకముందే బెంజ్ సర్కిల్ నుంచి బయల్దేరండి. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ దగ్గర కాసేపు ఆగండి. గేట్ల వెనక నిండితే మూడు టీఎంసీల నీళ్లు! భవానీపురం దాటి హైదరాబాద్ హైవే ఎక్కితే ఇబ్రహీంపట్నం. 2015లో పట్టిసీమ నుంచి వచ్చిన గోదావరి నీళ్లు కృష్ణలో కలిసిన పవిత్ర సంగమం ఇక్కడే. ఇంకాస్త ముందుకెళ్తే మూలపాడు సీతాకోకచిలుకల పార్కు, కొండపల్లి అడవి. అసలు మజా ఇక్కడే. టైర్లలో గాలి కొంచెం తగ్గించండి, రాళ్ల మీద పట్టు దొరుకుతుంది.

కొండపల్లి బొమ్మలు చేసే తెల్లపొణికి చెట్టు ఈ కొండలదే. ఇక్కడే అక్రమంగా గ్రావెల్ తవ్వుతున్నారంటూ 2021లో పెద్ద గొడవైంది. మనకు గ్రావెల్ బాట కావాలి, ఇంకొకరికి ఆ గ్రావెలే కావాలి. కొండ మాత్రం ఒక్కటే! అందుకే అటవీశాఖ అనుమతించిన బాటలోనే తొక్కండి. ఎండాకాలమైతే రెండు బాటిళ్ల నీళ్లు తప్పనిసరి, తొమ్మిదికల్లా ఇంటికి వచ్చేయండి.