మామూ రుఖాలు, లినక్స్ మెషీన్

ఆర్మూరులో పసుపు అమ్మిన పైసలు చేతికొచ్చినంక షాదీల జోరు మొదలైతది. మా మామూ ప్రింటింగ్ దుకాణంల అప్పుడు కుర్చీ ఖాళీ ఉండదు. తెలుగు శుభలేఖలకు అను ఫాంట్లు, ఉర్దూ రుఖాలకు ఇన్‌పేజ్. రెండూ విండోస్ కోసం పుట్టినయే.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఖతం. మామూ పాత మెషీన్ విండోస్ 11కు పనికిరాదు. కొత్తది కొనే గుంజాయిష్ లేదు. పైసా ఖర్చు లేని లినక్స్ ఎక్కిస్తనంటే మామూ అడిగింది ఒక్కటే: "బేటా, నా రుఖాలు తెరుచుకుంటయా?"

అవి ఉత్త ఫైళ్లు కావు. నా నికాహ్ రుఖా అందులోనే ఉంది. నానీ చహెలుమ్ కార్డు కూడా.

విండోస్ ప్రోగ్రాములను లినక్స్ మీద నడిపించే సాఫ్ట్‌వేర్ పేరు వైన్. పేరు వినంగనే ముమానీ "తౌబా తౌబా" అని చెవులు పట్టుకుంది! శరాబుతో దానికి తాల్లుఖ్ లేదు. 1993లో మొదలైంది, 1.0 రావడానికి 15 ఏండ్లు పట్టింది. అది తర్జుమాన్ పని చేస్తది. సాంగ్లికి పసుపు తీస్కపోయిన మన రైతుకు మరాఠీ రాకున్నా నడుమ మాట చెప్పే మనిషి ఉంటే బేరం కుదురుతది కదా, గట్ల. ఇన్‌పేజ్ "విండోస్, ఈ పని చెయ్" అని అడిగితే, వైన్ అదే మాటను లినక్స్‌కు దాని జబాన్‌లో చెప్తది. మెషీన్ లోపల ఇంకో మెషీన్‌ను నిలబెట్టదు కాబట్టి పాత కంప్యూటర్ మీద బరువు తక్కువ.

ఇన్‌పేజ్ తెరుచుకుంది. నస్తాలీఖ్ అట్లనే జారుతూ, ఒరుగుతూ కనబడ్డది. మామూ నోట "మాషా అల్లాహ్" తప్ప మాట రాలేదు. ఆ ఖత్ వెనుక మిర్జా అహ్మద్ జమీల్ సాహెబ్ మెహనత్ ఉంది. నూరీ నస్తాలీఖ్ కోసం దాదాపు 20,000 అక్షర కూర్పులను ఆయన చేత్తో రాసిండు. 1981లో లాహోర్ జంగ్ అఖ్బార్ దాంతోనే అచ్చైంది. అప్పటిదాంక ఉర్దూ అఖ్బార్లకు కాతిబ్‌ల కలమే దిక్కు.

అను కాడ పరేషాన్ అయినం. ఫాంట్లు కనబడ్డయి గని కీబోర్డు మొండికేసింది. మామూ వేళ్లకు ఆ కీబోర్డు తప్ప ఇంకోటి రాదు. తెలుగు కార్డులకు మాత్రం పాత విండోస్‌నే, ఇంటర్నెట్ వైరు పీకేసి, పక్కన ఉంచినం.

నా ఫికర్ వేరే. వైన్ తలుపు తీస్తది, ఫైలును మార్చదు. పాత ఇన్‌పేజ్ రాతను తీసి వేరే చోట పెడితే హర్ఫ్‌లన్నీ పిచ్చి గీతలైతయి. అను తెలుగుదీ అదే హాల్. తర్జుమాన్ ఉన్నప్పుడే యూనికోడ్‌లోకి మార్చుకోవాలె. మామూ ఒప్పుకుంటలేడు, యూనికోడ్ నస్తాలీఖ్‌ల "చెహరా మారింది" అంటడు. నిజమే, కొంచెం మారింది. నాకైతే పోయిన రుఖా కంటే చెహరా మారిన రుఖా నయం. మీ ఇంట్ల కూడా షజ్రానో, అబ్బాజాన్ గజళ్లో ఇన్‌పేజ్‌ల ఉంటే ఒకసారి తెరిచి చూడుండ్రి.

ఇషా నమాజ్ అయినంక రోజుకు పది ఫైళ్లు మారుస్తున్నం. నానీ కార్డు మొదలు మార్చినం. 2009 ఫోల్డర్ కాడికొచ్చినం.