మామయ్య బండి మీద ఆదిలాబాదుకు

కరీంనగరంలో టవర్ సర్కిల్‌కు కాస్త ఎడంగా, ఒక సందు చివరి రేకుల షెడ్డులో మా మేనమామగారి మోటారు సైకిలు పునర్జన్మ ఎత్తింది. తెలుగు పాఠాలు చెప్పుకునేవారికి ఈ ఇనపసామానుతో ఏం పనండీ అని మా ఆవిడ అడగనే అడిగింది. విభక్తులు తెలిసినవాడికి కార్బురేటర్లు తెలియకూడదని ఏ వ్యాకరణంలోనూ లేదు గదా అన్నాను. అసలు సంగతి మాత్రం వేరే ఉంది.

బండి రాజ్‌దూత్ 350. జపానువారి యమహా ఆర్డీ 350ని ఎస్కార్ట్స్‌వారు 1983 నుంచి కొన్నేళ్లపాటు మన దేశంలో తయారుచేశారు. 347 సీసీ, రెండు సిలిండర్లు, టూస్ట్రోక్ ఇంజను. దాని వేగాన్ని మెచ్చుకున్నవారే, అది తాగే పెట్రోలు చూసి దండం పెట్టేవారు. మామయ్య 1986లో కొన్నారు. 1993లో, అత్తయ్యను వెనక కూర్చోబెట్టుకుని నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కుతుండగా ఇంజను పట్టేసింది. చక్రం బిగుసుకుపోయి ఇద్దరూ పడ్డారు. అత్తయ్య కాలు విరిగింది. ఈనాటికీ ఆవిడ కొంచెం ఒరిగి నడుస్తారు. “నూనె పోసుడు మరిచిండు” అని ఆవిడ అనడం, మామయ్య తల వంచుకోవడం మా చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. లారీలో తెచ్చి మా అమ్మమ్మగారింటి కొట్టంలో పెట్టిన బండిని ఆయన మళ్లీ ఎవరిచేతా ముట్టనియ్యలేదు. ఇల్లు అమ్మే సమయం వచ్చింది గనుక నా పాలబడింది.

షెడ్డులో ఉస్తాదు అరవై దాటిన మనిషి. ఇంజను విప్పి నన్ను పిలిచాడు. నూనె ట్యాంకు చూపించాడు. సగందాకా జిగురులాంటి నల్లటి మడ్డి!

ఈ బండిలో పెట్రోలులో నూనె కలిపే పని లేదు. నూనెకు వేరే ట్యాంకు, వేరే పంపు ఉన్నాయి. ఎక్సలేటర్ నుంచి వచ్చే తీగ మూడుగా చీలుతుంది. రెండు పాయలు రెండు కార్బురేటర్లకు, మూడోది నూనె పంపుకు వెడతాయి. చెయ్యి తిప్పినకొద్దీ పెట్రోలుతోపాటు నూనె ధార కూడా పెరగాలి. ఆ మూడో తీగ తెగి ఉంది. అది తెగితే, బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు చాలే నాలుగు చుక్కలతోనే ఘాటంతా ఎక్కవలసి వస్తుంది.

“ఒక్క పిస్టనే గీసుకుంటే కార్బురేటర్ తప్పు అనుకుందుము సార్,” అన్నాడు ఉస్తాదు. “రెండూ గీసుకున్నయి. నూనె అందలే. తీగ ఎప్పుడు తెగిందో నేను చెప్పలేను గని, మీ మామ నూనెయితే పోసిండు.”

ఈ మాట ఫోనులో చెప్పడానికి నాకు మనసొప్పలేదు. బండి మీదే వెళ్లి చెప్పాలనుకున్నాను.

సిలిండర్లకు బోరింగు, కొత్త పిస్టన్లు, కొత్త తీగలు అయ్యాయి. తరువాత మూడు ఆదివారాలు శ్రుతి చెయ్యడానికే సరిపోయాయి. శ్రుతి అని ఊరికే అనలేదు. ఎక్సలేటర్ తిప్పగానే రెండు కార్బురేటర్లలోని స్లైడులూ ఒకే క్షణాన లేవాలి. ఒకటి వెంట్రుకవాసి ముందు లేచిందా, ఒక సిలిండరు లాగుతుంటే రెండోది ఈడిగిలబడుతుంది. “కాడికి కట్టిన ఎడ్లు సార్ ఇవి,” అంటూ ఉస్తాదు రెండు గొట్టాల్లో రెండు వేళ్లు పెట్టి, కళ్లు మూసుకుని, నన్ను నెమ్మదిగా ఎక్సలేటర్ తిప్పమనేవాడు. కరీంనగరం వెండితీగ పనివాళ్లు గుర్తొచ్చారు. వాళ్లకైనా కన్ను సాయముంటుంది గాని, ఈయనకు వేళ్లే కళ్లు.

తీగలో వదులు కాస్త ఉండాలి, ఎక్కువ ఉండకూడదు. దానికి చక్కని పరీక్ష ఒకటి ఉంది. ఇంజను నెమ్మదిగా ఆడుతుండగా హ్యాండిలు ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పాలి. శబ్దం పెరిగిందంటే తీగ ఎక్కడో బిగిసి లాగుతున్నదన్నమాట. మాకు రెండు ఆదివారాలు పెరుగుతూనే ఉంది! ట్యాంకు ఎత్తి, తీగల దారి మార్చిన తరువాతగాని కుదరలేదు. ఆదిలాబాదు చలికి గాలి చిక్కబడుతుంది, ఆ గాలికి పెట్రోలు చాలదని, కార్బురేటర్ సూదుల క్లిప్పులు ఒక్కో మెట్టు దించి, దిగువ మానేరు వైపు రోడ్డు మీద కొన్ని వారాలు తిప్పించాక నాకు సెలవిచ్చాడు.

డిసెంబరులో తెల్లవారగానే బయలుదేరాను. ఖానాపూర్ వైపు అడవిదారి ఉంది గాని, కొత్త ఇంజనుతో ఒంటరి సాహసం ఎందుకని ఆర్మూరు దారి పట్టాను. జగిత్యాలలో నక్షత్రం ఆకారపు పాతకోటను పలకరించాను. కోరుట్ల, మెట్‌పల్లి దాటి, పసుపు చేల మధ్యగా ఆర్మూరు చేరాను. అక్కడ నవసిద్ధుల గుట్ట బండరాళ్లు ఎవరో పేర్చి మరిచిపోయినట్టుంటాయి. సోన్ వంతెన మీద గోదావరిని చూసి, నిర్మల్‌లో మామయ్య మనవరాలికి పొనికి కర్రతో చేసిన బొమ్మ కొన్నాను.

ఆపైన ఘాటు. టేకుచెట్ల మధ్య మలుపులు తిరుగుతున్న ఆ దారిలో ఏ మలుపులో పడ్డారో నాకు తెలియదు. ప్రతి మలుపూ అదేననిపించింది. సగం ఎక్కాక, ఎక్సలేటర్ నిండుగా ఉండగానే ఇంజను ఆపి, పక్కకు తీసి ప్లగ్గులు విప్పాను. తెల్లగా ఉంటే ఇంజను ఎండుతోందని, నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువైందని లెక్క. రెండూ ఒకే చాయ్ రంగులో ఉన్నాయి. చేతులు వణికాయంటే చలికేననుకోండి.

నేరడిగొండ దగ్గర కుంటాల జలపాతం దారి పిలిచినా ఆగలేదు. ఇచ్చోడ, గుడిహత్నూర్, పత్తి లారీలు, తరువాత ఆదిలాబాదు దీపాలు.

మామయ్య గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. శబ్దం రెండు వీధుల అవతలే విన్నారట. నూనె ట్యాంకు సంగతి, తీగ సంగతి చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. అత్తయ్య వాకిట్లోకి వచ్చి అంతా విన్నారు.

“మరి ఇన్నేండ్లు నేనంటుంటె, పోసిన అని ఒక్కనాడన్న చెప్పకపోతివి?” అన్నారు.

“నాకే యాదికి లేదు,” అన్నారాయన. “పోసిన్నో, లేదో.”

ఆగకుండా ఆడుతున్న బండి హ్యాండిలు పట్టుకుని, ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా తిప్పారు. శబ్దం మారలేదు. మళ్లీ తిప్పారు.

“అల్లునికి చాయ్ పెడుత, బండి బంద్ చెయ్,” అని అత్తయ్య లోపలికి వెళ్లారు. ఆయన మాత్రం కాసేపటిదాకా ఆపలేదు.