గుర్తును నమ్మేముందు

పడవ వెనుక బిగించే చిన్న టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డు మోటారుకు టైమింగ్ చూడమంటే చాలామంది చేయి ముందు టైమింగ్ లైటు మీదికే పోతుంది. క్లిప్పును ప్లగ్ వైరుకు తగిలించి, ఫ్లైవీల్ మీదికి వెలుతురు కొట్టి, గుర్తు సరైన అంకె దగ్గర నిలిచిందని చూసి తృప్తిపడతారు. ఆ తృప్తి తొందరపాటని నా వాదన. లైటుకు పిస్టన్ కనిపించదు. నిప్పురవ్వ పడిన క్షణంలో ఫ్లైవీల్ ఎక్కడుందో మాత్రమే అది చెబుతుంది. చాలా సీడీఐ (కెపాసిటర్ డిశ్చార్జ్ ఇగ్నిషన్) మోటార్లలో ఆ రవ్వకు సంకేతమిచ్చే అయస్కాంతం కూడా ఫ్లైవీల్‌లోనే ఉంటుంది. ప్రొపెల్లర్ రాయికో దుంగకో గట్టిగా తగిలితే, ఫ్లైవీల్‌ను క్రాంక్‌షాఫ్ట్ మీద సరైన చోట నిలిపే చిన్న వుడ్రఫ్ కీ కాస్త తెగవచ్చు. అప్పుడు ఫ్లైవీలూ, దాని మీది గుర్తూ, లోపలి అయస్కాంతమూ కలిసికట్టుగా పక్కకు జరుగుతాయి. వాటి మధ్య ఎడం మారలేదు కాబట్టి లైటు అంతా సవ్యంగానే చూపిస్తుంది. పిస్టన్‌కు మాత్రం నిప్పు వేళ తప్పి పడుతుంది.

అందుకే ముందు పిస్టన్ పైకొస ఎక్కడుందో వెతికి, గుర్తు దానితో కలుస్తోందో లేదో చూడాలి. ప్లగ్ తీసి ఆ రంధ్రంలో డయల్ గేజ్ బిగించి, ముల్లు ఆగిన చోటే పైకొస అనుకుంటే సరిపోదా? సరిపోదు. 60 మి.మీ. స్ట్రోకు, 120 మి.మీ. కనెక్టింగ్ రాడ్ ఉన్న ఇంజన్లో పైకొసకు అటూ ఇటూ 5 డిగ్రీలు క్రాంక్ తిరిగినా పిస్టన్ దిగేది దాదాపు 0.14 మి.మీ. మాత్రమే. ముల్లు ఆగినట్టే ఉంటుంది, క్రాంక్ తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి పిస్టన్ ఎక్కేటప్పుడు కొసకు 2 మి.మీ. కింద ఒక గీత, దిగేటప్పుడు అంతే కింద మరో గీత ఫ్లైవీల్ మీద పెట్టి, వాటి నడిమి బిందువును తీసుకోవాలి. ఆ గీతల దగ్గర పిస్టన్ కదలిక వేగంగా ఉంటుంది కనుక గీత కచ్చితంగా పడుతుంది. ప్లగ్ రంధ్రం వాలుగా ఉంటే మిల్లీమీటర్ల లెక్కలో తేడా వచ్చినా, రెండు పక్కలా ఒకేలా వస్తుంది కాబట్టి నడిమి బిందువు చెదరదు. ఫ్లైవీల్‌ను మాత్రం ఇంజన్ నడిచే దిశలోనే తిప్పాలి. వెనక్కి తిప్పితే కింద నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు ఎదురు మడతపడి పాడవుతాయి.

సీడీఐలో అరిగే పాయింట్లు లేవు, టైమింగ్ ఎందుకు మారుతుందని అడగవచ్చు. పెట్టెలోని సర్క్యూట్ మారకపోవచ్చు. కీ తెగడం, స్టేటర్ ప్లేటు బోల్టులు వదులవడం సర్క్యూట్ చేతిలో లేవు. ఒకటి రెండు డిగ్రీలతో ఏం మునిగిపోతుందన్నది ఇంకో ప్రశ్న. రోడ్డు మీది బండికి పల్లం వస్తుంది, ఇంజన్ కాస్త ఊపిరి తీసుకుంటుంది. నీటి మీద పల్లం లేదు. గంటల తరబడి నిండు బరువుతో లాగే మోటారులో రవ్వ ముందుగా పడితే, పైకి వస్తున్న పిస్టన్‌ను మంట ఎదురు నెడుతుంది. వేడీ ఒత్తిడీ పెరిగి డిటొనేషన్ మొదలైతే పిస్టన్ తలకు చిల్లు పడవచ్చు. కేరళ తీరంలోలా కిరోసిన్ మీద నడిచే మోటార్లకు ఈ ముప్పు ఎక్కువ, ఎందుకంటే కిరోసిన్ ఆక్టేన్ పెట్రోలు కంటే బాగా తక్కువ. డిటొనేషన్ టకటకను చెవితో పట్టేస్తామనే అనుభవజ్ఞుల మీద నాకు గౌరవమే. కానీ నిండు వేగంలో ఎగ్జాస్టు మోత, నీటి హోరు కలిస్తే ఆ టకటక వినిపించడం కష్టం. పైగా 5000 ఆర్‌పీఎంలో ఒక డిగ్రీ అంటే సెకనులో 30 వేలవ వంతు, అంత చిన్న తేడా చెవికి అందదు.

గుర్తు కలవకపోతే ఫ్లైవీల్ ఊడదీసి కీ మార్చాలి. కీ చూపేది స్థానం మాత్రమే, అసలు పట్టు కోసుగా ఉన్న షాఫ్ట్ కొసది. అందుకే అక్కడ నూనె లేకుండా తుడిచి, నట్టును మాన్యువల్ చెప్పినంత టార్కుతో బిగించాలి. తర్వాత లైటు వాడాలి, అదీ మోటారును నీళ్ల తొట్టిలో పెట్టి, టెస్ట్ ప్రొపెల్లర్ బిగించి, బరువు మీద థ్రాటిల్ తెరిచి. చాలా మోటార్లలో టైమింగ్ థ్రాటిల్‌తో పాటే ముందుకు జరుగుతుంది కాబట్టి ఐడిల్‌లో చూసిన అంకె నిండు వేగానికి వర్తించదు.