షార్జాలో రెండు మాటలు

2023 క్రిస్మస్ సెలవులలో షార్జాలోని మా తమ్ముని ఇంట మూడు దినాలు గడిపాము. బయలుదేరేముందు అమ్మ కోరినది ఒక్కటే: "మనుమడి చేత నాకొక ఉత్తరం వ్రాయించుకొని రా, బేటా!" అమ్మ చదువగలిగినది తెలుగు మాత్రమే. బాలునికి ఇంగ్లీషు, అరబ్బీ వచ్చు. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు.

డిసెంబరు 25 అక్కడ సెలవు కాదు. తమ్ముడు ఉద్యోగానికి వెళ్ళగా, బడి సెలవులలోనున్న బాలుని చేత మేము 'ద' దిద్దించాము. దానికి దీర్ఘమూ, గుడిదీర్ఘమూ నేర్పగా, సాయంత్రానికి 'దాదీ' అని వ్రాశాడు. రాత్రి ఆ కాగితం చూచి తమ్ముడు చాలసేపు మౌనం వహించాడు. పిదప దాని క్రింద 'అమ్మీ' అని వ్రాసి, "తెలుగు వ్రాసి పదేళ్ళయింది, భాయ్‌జాన్" అన్నాడు.

ఆ రెండు మాటల ఉత్తరాన్ని అమ్మ తన కళ్ళజోడు పెట్టెలో దాచుకొన్నది. దూరదేశాలకేగనున్న విద్యార్థులారా, ఇంట ఎదురుచూచేవారు చదువగల లిపిని మరువకండి.