తామర తగ్గింది... మళ్ళీ వచ్చింది!

మా వదినకు తామర అంటించింది నేను కాదు గానీ, అది ఇల్లంతా పాకటానికి మాత్రం కారణం నేనే. డాక్టరునై ఉండి ఈ మాట రాసుకోవటం కాస్త నామోషీగానే ఉంది. అయినా నా దగ్గరకు వచ్చేవాళ్ళలో చాలామంది అచ్చంగా ఇదే కథ చెబుతుంటే, మా ఇంటి కథ ఒక్కటీ దాచుకుని ఏం లాభం అనిపించింది.

మాది చిలకలూరిపేటకూ నరసరావుపేటకూ మధ్య ఒక ఊరు. 2022లో పల్నాడు జిల్లా వచ్చింది గానీ, మా నోటికి ఇంకా గుంటూరు జిల్లాయే. నల్లరేగడి నేల. ఒక చేలో పత్తి, ఒక చేలో మిరప. మాఘమాసం దాటితే కల్లాల నిండా ఎర్రగా కాయలు పరిచి ఉంటాయి. ఆడవాళ్ళు పొద్దుటి పూట కోతకు పోతారు, ఎండెక్కాక కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరతారు. ఒంటి మీద చెమట, చెమట మీద మిరప దుమ్ము. మంట, దురద అనేవి ఆ నాలుగు నెలలూ ఇంటి చుట్టాలే!

2022 ఫిబ్రవరిలో వదిన నా భార్యకు ఫోను చేసింది. "మిరప ఘాటుకి నడుం దగ్గర పేలింది చెల్లాయ్. రాత్రిళ్ళు నిద్ర లేదు. మీ ఆయన్నడిగి ఏదన్నా పూతమందు చెప్పు" అంది. మరిదికి నడుం చూపించే వదిన మా వైపు ఉండదు. చూపించమని అడగటానికి నాకూ నోరు రాలేదు. అప్పటికి వరండాలో ఇరవైమంది పేషెంట్లున్నారు. ఒక ట్యూబు పేరు చెప్పేశాను. దురదకూ, బూజుకూ, చీముకూ అన్నిటికీ పనికొస్తుందని మూడు రకాల మందులు కలిపి తయారు చేసేవి ఉంటాయే, అలాంటిది. వదిన కబురంపటం, షాపులో చీటీ అడక్కుండా ఇచ్చెయ్యటం అయిపోయింది.

మూడో రోజున మళ్ళీ ఫోను. "నీ హస్తవాసి మంచిదయ్యా మరిదీ! చేత్తో తీసేసినట్టు పోయింది."

నేనూ సంతోషించాను. అదీ నా తప్పు. తామర మూడు రోజుల్లో పోదు. పోయినట్టు కనిపించిందంటే అనుమానించాలి.

అసలు సంగతి ఇది. తామర అనేది పురుగూ కాదు, వేడీ కాదు, రక్తం చెడటం అంతకన్నా కాదు. ఊరగాయ మీద పట్టే బూజు జాతికి చెందినదే మన చర్మం పైపొరను తిని బతుకుతుంది. చెమట, గాలాడని చోటు, బిగుతు బట్ట దానికి ఇష్టం. అందుకే గజ్జల్లో, చంకల్లో, రొమ్ముల కింద, లంగా బొందు కట్టే చోట మొదలవుతుంది. మధ్యలో మానినట్టుండి, అంచు ఎర్రగా పొక్కులతో గుండ్రంగా పాకుతూ పోతుంది. ఆ ఎరుపూ దురదా బూజు మీద మన ఒళ్ళు చేస్తున్న పోరాటానికి గుర్తులు. ఆ ట్యూబులో స్టెరాయిడ్ కూడా ఉంటుంది. అది ఏం చేస్తుందంటే, ఒళ్ళు చేసే పోరాటాన్ని ఆపేస్తుంది. ఎరుపు పోతుంది, దురద పోతుంది. బూజు మాత్రం పోదు. అడ్డుకునేవాడు లేక చల్లగా పెరుగుతుంది. ట్యూబు ఆపిన వారానికి దురద రెట్టింపై లేస్తుంది. మళ్ళీ ట్యూబు. మళ్ళీ హాయి.

స్టెరాయిడ్ చెడ్డ మందని చెప్పటం లేదు. 1952లో మొదటిసారి హైడ్రోకార్టిజోన్‌ను చర్మం మీద పూసి చూసినప్పుడు వైద్యులకు అది వరంలాగే తోచింది. కొన్ని రకాల ఎగ్జిమాకు, సోరియాసిస్‌కు ఇవాళ్టికీ మేము రాసేది అదే. అయితే ఏ చోట, ఎంత, ఎన్నాళ్ళు అన్నది చూసినవాడు చెప్పాలి. ఫోనులో నాలాంటివాడు చెప్పకూడదు.

మర్నాటి సంక్రాంతికి ఊరు వెళ్ళాను. అన్నయ్య భోజనానికి కూర్చుని పంచె పక్కకు జరిపి గోక్కుంటున్నాడు. మనవడు మోచేతి మడత గీరుకుంటున్నాడు. కోడలు చెవి వెనక గీరుకుంటోంది. "ఏమిటన్నయ్యా ఇదంతా?" అంటే ఆయన నవ్వాడు. "నీ మందు ఉందిగా, అందరం అదే రాస్తున్నాం" అన్నాడు. గూట్లో చూస్తే ఖాళీ ట్యూబులు పదకొండు ఉన్నాయి. వదిన పారేసేది కాదు. షాపులో పేరు చూపించటానికి దాచిపెట్టేది.

ఆ రాత్రి నా భార్య చూసి వచ్చి చెప్పింది. నడుం చుట్టూ, తొడల మీద అరచేతులంత మచ్చలు, ఒకదానిలో ఒకటి చక్రాలు. అవి గాక ముదురు రంగులో చీలికల్లాంటి చారలు. బిడ్డల తల్లులకు పొట్ట మీద పడే చారల్లాగా, కానీ ఇంకా లోతుగా. అవి తామర వల్ల వచ్చినవి కావు. స్టెరాయిడ్‌కు చర్మం పల్చబడి చిట్లిన చారలు. అవి ఏ మందుకూ పూర్తిగా పోవు.

పండగ వెళ్ళిన మూడో నాడు అందర్నీ గుంటూరులో చర్మవైద్యురాలి దగ్గరకు తీసుకెళ్ళాను. ఆవిడ మచ్చ అంచు నుంచి కాస్త పొట్టు గీకి, గాజు పలక మీద వేసి, పొటాష్ చుక్క కలిపి మైక్రోస్కోపులో చూపించింది. కొమ్మలు కొమ్మలుగా దారాలు! వదిన కూడా కన్ను పెట్టి చూసింది. "ఇన్నాళ్ళూ దీన్నా పెంచాను?" అంది. నేను తల ఎత్తలేదు.

చిన్నప్పుడు మా ఊళ్ళో తామరకు సీమఅవిసె ఆకు నూరి రాసేవాళ్ళు. తరువాత సాలిసిలిక్, బెంజోయిక్ ఆసిడ్లు కలిపిన విట్‌ఫీల్డు లేపనం వచ్చింది. చురచుర మండేది గానీ పొట్టు ఊడి తగ్గేది. మా చదువు రోజుల్లో రెండు నుంచి నాలుగు వారాలు మందు వాడితే తామర మాయం. ఇప్పుడు ఆ రోజులు పోయాయి. గత పది పన్నెండేళ్ళుగా మన దేశంలో తామర మొండికెత్తింది. 2020లో జపాను శాస్త్రజ్ఞులు భారత, నేపాల్ దేశస్థుల చర్మం నుంచి తీసిన బూజును పరీక్షించి, దాన్ని వేరే జాతిగా గుర్తించి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. ఆ పేరులో ఇండియా ఉంది చూశారా! ఎంతో బాగా పనిచేసే టెర్బినఫిన్ మాత్రలకు కూడా అది తరచు లొంగదు. 2023 నాటికి అమెరికాలో, న్యూయార్కులో కూడా కనిపించింది. ఈ మొండితనానికి స్టెరాయిడ్ కలిపిన ట్యూబుల విచ్చలవిడి వాడకం ఒక ముఖ్య కారణమని చర్మవైద్యులు చెబుతున్నారు. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు ఇచ్చింది. ఆ తరువాత నాలుగేళ్ళకు మా వదిన పదకొండు ట్యూబులు కొన్నది.

కాబట్టి షాపులో ట్యూబు చేతికివ్వగానే వెనక సన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్ — వీటిలో ఏది ఉన్నా అది స్టెరాయిడే. తామరకు దాన్ని సొంతంగా రాయకండి. పెళ్ళిచూపుల ముందు తెల్లబడాలని ఆడపిల్లల మొహానికి రాసే క్రీముల్లో కూడా ఈ పేర్లు ఉంటుంటాయి. ఎర్రబడటం, మొటిమలు, మొహం మీద నూగు వెంట్రుకలు దాని ఫలితాలు. అప్పటికే నెలల తరబడి మొహానికి రాస్తున్నవారు ఉన్నపళాన ఆపకుండా చర్మవైద్యుని సలహాతో ఆపాలి.

మా ఇంట్లో వైద్యం మూడు నెలలు సాగింది. మొదటి రెండు వారాలూ నరకం. స్టెరాయిడ్ ఆపేసరికి దురద విరుచుకుపడింది. వదిన అర్ధరాత్రి లేచి గూట్లో వెతికేదట. ట్యూబులన్నీ కోడలు ముందే పారేసింది! చర్మవైద్యురాలు మాత్రలిచ్చి, స్టెరాయిడ్ లేని పూతమందు ఇచ్చింది. మచ్చ మీదే కాదు, అంచు దాటి రెండు వేళ్ళ మేర ఆరోగ్యంగా కనిపించే చర్మం మీద కూడా రాయమంది. మచ్చ మాయమయ్యాక కూడా ఆవిడ చెప్పినన్నాళ్ళూ ఆపవద్దంది. ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి. ఒకరికి నయమై ఇంకొకరికి ఉంటే మళ్ళీ మొదటికే. ఈ మాత్రలు గర్భిణులకూ, లివరు జబ్బున్నవారికీ, గుండె మందులు వాడేవారికీ ఇష్టం వచ్చినట్టు ఇచ్చేవి కావు, ముందే డాక్టరుకు చెప్పాలి.

అసలు పేచీ అన్నయ్య మొలతాడు దగ్గర వచ్చింది. నల్లతాడు, ఏళ్ళ తరబడి చెమటలో నానింది. బూజుకు అంతకన్నా మంచి ఇల్లు లేదు. తీసెయ్యమంటే "మగవాడికి మొలతాడు తీయించే వైద్యం ఎక్కడిదమ్మా?" అని లేచాడు. చివరకు వెండిది వేసుకుంటానని రాజీపడ్డాడు, రోజూ సబ్బుతో కడిగేట్టు. ఆవిడ ఒప్పుకుంది.

తక్కినవి ఎవరైనా చేయదగ్గవే. ఎవరి తువ్వాలు వాళ్ళది, ఎవరి సబ్బు వాళ్ళది. చేను నుంచి రాగానే స్నానం, తరువాత మడతల్లో తడి పూర్తిగా ఒత్తుకుని బట్ట కట్టటం. లోబట్టలు వేడినీళ్ళలో ఉతికి, లోపలి వైపు పైకి తిప్పి ఎండలో ఆరెయ్యటం. ఆడవాళ్ళు సిగ్గుపడి లోలంగాలను చీర చాటున నీడలో ఆరేస్తారు. అవి చెమ్మ ఆరకుండానే మళ్ళీ ఒంటి మీదకొస్తాయి. రెంటచింతల ఎండ కాసే జిల్లాలో బట్టకు ఎండ కరువవటమేమిటి చెప్పండి!

అన్నట్టు మిరప మంట సంగతి. చేతులు మండగానే అందరూ నీళ్ళలో ముంచుతారు. కారంలోని కాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు వంటనూనె రాసి గుడ్డతో తుడిచి, ఆ తరువాత సబ్బుతో కడగాలి. అప్పటిదాకా కంటి మీద చెయ్యి పెట్టకూడదు, చంటిబిడ్డకు పాలివ్వకూడదు. ఈ మంట ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. వారం దాటినా దురద ఉంటే అది మిరప కాదు.

గజ్జి, తామర అని ఒక్క ఊపిరిలో అంటాం గానీ రెండూ వేరు. గజ్జి కంటికి కనపడనంత చిన్న పురుగు పని. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, రాత్రిపూట ఎక్కువ. దాని మందు వేరు. ఇక దురద లేకుండా పాలిపోయిన మచ్చ, గిచ్చినా తెలియనిది కనిపిస్తే ఏ పూతమందూ రాయకుండా నేరుగా ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. అది కుష్టు కావచ్చు. మందులు ఉచితంగా ఇస్తారు, ఆరు నెలల నుంచి ఏడాదిలో నయమవుతుంది.

2023 ఉగాది దాటాక వదిన మచ్చలు పోయాయి. చారలు ఉన్నాయి. ఎప్పటికీ ఉంటాయి. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఈ మధ్య ఊళ్ళో ఎవరికి దురద వచ్చినా నాకు ఫోను చేయించి, మందు పేరు చెప్పబోతే మాత్రం మధ్యలోనే ఆపేస్తోంది. "ముందు చూసి చెప్పు మరిదీ" అంటోంది.