టీములో నా పని

రోబోటిక్స్ మొదటి క్లాసులో సారు బోర్డు మీద మూడు మాటలు రాసినాడు. మురికి పని, విసుగు పని, ప్రాణాపాయం పని. లోకంలో ఎక్కడైనా రోబోను ముందు పెట్టేది ఈ మూడు పనులకేనని చెప్పినాడు. క్లాసంతా రాసుకుంది. నాకు నవ్వొచ్చింది. ఈ మూడు పనులూ ఒక్కటే చేసే యంత్రం మా ఇంట్లో ఉంది. పొద్దున నాలుగింటికి లేచి, సద్దన్నం తిని పనికి పోతుంది. మా నాయన.

మాది శ్రీశైలం దగ్గర సున్నిపెంట. డ్యాం కట్టేటప్పుడు పుట్టిన ప్రాజెక్టు కాలనీ. అప్పుడు కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. మా తాత ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. 1981లో ఖాళీ చేయించినారు. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయిగా విప్పి తీసుకపోయి అలంపురంలో మళ్లీ కట్టినారు. మాదిగవాడను విప్పి కట్టేదెవరు? భూమి ఉన్నోళ్లకి భూమి లెక్క. కూలోళ్లకి పోయిన కూలి లెక్క ఏ రిజిస్టర్లో రాస్తారు? మా తాత అంతకు ముందే డ్యాంకాడ రాళ్లు మోసినాడు. తన ఊరు ముంచే గోడకు తనే రాళ్లందించినాడు.

నాయన శ్రీశైలం సత్రాల్లో మోరీలు తీస్తాడు. కాంట్రాక్టర్లు మారతారు, నాయన మారడు. శివరాత్రికి లక్షల జనం. ఉగాదికి కన్నడపోళ్లు నల్లమల అడవిలో నడిచొస్తారు. వాళ్లకు పుణ్యం, నాయనకు రాత్రీ పగలూ డ్యూటీ.

నేను ఇంజనీరింగు చదివింది సీమలోనే ఒక యూనివర్సిటీలో. పేరు రాయను. మీరు చదివిన దాని పేరు పెట్టుకున్నా సరిపోతుంది.

మూడో సంవత్సరం ప్రాజెక్టుకు ఐదుగురు ఒక టీము కావాలన్నారు. ఎవరితో ఎవరు కలవాలో పిల్లలకే వదిలేసినారు. వదిలేస్తే ఏమవుతుందో ఊరు చూసినోళ్లకి చెప్పాల్నా? గంటలో టీములన్నీ అయిపోయినాయి. నలుగురం మిగిలినాం. సీట్ల లిస్టులో నలుగురి పేర్ల పక్కనా ఒకటే మాట, ఎస్సీ అని. సారు మమ్మల్ని తలా ఒక టీములో సర్దినాడు.

మొదట చేసింది నల్లగీత వెంట నడిచే బండి. దాని పొట్ట కింద సెన్సర్లుంటాయి. తెల్లనేల వెలుతురును తిరగ్గొడుతుంది, నల్లగీత మింగుతుంది. ఆ తేడాను బట్టి ఆర్డునో బోర్డు చక్రాలు తిప్పుతుంది. గీత ఎంత తప్పినాను, ఎంతసేపట్నుంచి తప్పుతున్నాను, ఎంత వేగంగా తప్పుతున్నాను అని బండి మూడు లెక్కలు వేసుకుంటుంది. దాన్నే పీఐడీ అంటారు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. హాస్టల్లో ఒకన్న ల్యాప్‌టాప్ రాత్రిళ్లు అడుక్కొని నేర్చుకున్నా.

టీములో పనులు పంచుకున్నాం. ఒకరికి కోడింగు, ఒకరికి సర్క్యూటు, అమ్మాయికి రిపోర్టు, ఇంగ్లీషు బాగొచ్చినోడికి ప్రెజెంటేషన్. నాకు హార్డ్‌వేరు. హార్డ్‌వేరు అంటే రేకు కొయ్యడం, రంధ్రాలు వెయ్యడం, సామాన్లకు కర్నూలు బస్సెక్కడం, సాయంత్రం ల్యాబు ఊడ్చడం. ఎవరూ కులం మాటెత్తలేదు. 'నీకు చేతిపని బాగొస్తాది కదరా' అన్నారు, అంతే. రాకుండా ఎట్లుంటాది? మా ముత్తాత తోలు ఊనబెట్టి చెప్పులు కుట్టినోడు. ఆ చేతులకు చదువు వద్దన్నోళ్లే ఇప్పుడు చేతిపనిని మెచ్చుకుంటున్నారు.

2024లో చివరి సంవత్సరం ప్రాజెక్టు. నేను మోరీలో దిగే రోబో చేద్దామన్నా. 'ఛీ, ఆ కంపు ప్రాజెక్టా' అన్నాడొకడు. చట్టం సంగతి చెప్పినా. పాకీపనిని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకోటి వచ్చినాయి. మురుగులో దిగి చనిపోయినోళ్ల కుటుంబానికి 10 లక్షలియ్యాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. చావుకు రేటు పెరిగింది గానీ చావు ఆగలేదు. కోలారు బంగారు గనుల్లో తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ జీవితమంతా ఈ పని మీదే కొట్లాడుతున్నాడని చెప్పినా. కేరళలో కుర్ర ఇంజనీర్లు బాండికూట్ అనే రోబో చేసి 2018లో తిరువనంతపురంలో మ్యాన్‌హోల్లో దించినారని కూడా చెప్పినా. ఎవరూ కదల్లేదు. గైడు వచ్చి, సమాజానికి పనికొచ్చే అంశమైతే పోటీల్లో మార్కులెక్కువ అన్నాడు. ఆ పూట నుంచి కంపు పోయింది.

2025 సంక్రాంతికి టీమంతా సున్నిపెంటకొచ్చింది. మల్లన్న దర్శనం, రోబో పరీక్ష రెండూ అయిపోతాయని. మా అమ్మ టీ పెట్టింది. అమ్మాయి తాగింది. ఒకడికి ఉపవాసమంట, ఇంకొకడు టీ మానేసినాడంట. బస్టాండులో ఇద్దరూ తాగినారు. నాయన నా ఈడు పిల్లల్ని 'అయ్యా' అంటాడు, వాళ్లు 'ఏమప్పా' అంటారు.

రోబోను మోరీలో దించితే పది అడుగులు పోయి ఆగింది. చక్రాల ఇరుసుకు వెంట్రుకలు. గుండు గీయించుకున్నోళ్లు సత్రాల్లో స్నానాలు చేస్తే వచ్చే వెంట్రుకలు, వాటితో కలిసి కొబ్బరిపీచు. మోటారు తిరగలేక కరెంటు గుంజింది, ఎల్298 డ్రైవరు మాడిపోయింది. అది తట్టుకునేది రెండు ఆంపియర్లే. మావోళ్లు పెద్ద మోటారు పెడదామన్నారు.

నాయన నవ్వినాడు. 'బలం పెడితే ఇంకా బిగుస్తాదయ్యా. బద్ద ఇరుక్కుంటే మేం ముందుకు తొయ్యం. అర చుట్టు ఎనక్కి తిప్పి, వదిలి, మళ్లా పోతాం' అన్నాడు. మడ్డి గురించీ చెప్పినాడు. పైన తేటనీళ్లు, కింద జిగురు, దాని కింద ఇసుక పెళ్ల. జిగురులో చక్రం జారుతుంది, ఇసుక తగిలితేనే పట్టు దొరుకుతుంది. ఇంకో మాట. 'కంపు కొడుతున్నంతసేపు కొంత నయం. కంపు ఉన్నట్టుండి పోయిందంటే పైకి రావాల.' హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే వాసన పట్టే శక్తినే చంపేస్తుందని మా పుస్తకంలో ఉంది. బడికి పోని మా నాయన దాన్ని ఊపిరితో చదువుకున్నాడు. ఆ వాయువు గాలికంటే బరువు, అడుగున చేరుతుంది. మావోళ్లు సెన్సరు రోబో నెత్తిన పెట్టినారు. కిందికి మార్చినాం.

కరెంటు ఎక్కువ గుంజితే మోటారు రెండు సెకన్లు వెనక్కి తిరిగేట్టు ఆ రాత్రి నేనే కోడు రాసినా. మరుసటి రోజు రోబో మోరీ కొస దాకా పోయింది. ఫోటోలు దిగినారు. తర్వాత మడ్డి కారుతున్న ఆ యంత్రాన్ని చూసి నలుగురూ నా వైపు చూసినారు. బకెట్టు తెచ్చి నేనే కడుగుతా ఉంటే నాయన పక్కన కూర్చున్నాడు. 'ఇది వస్తే మేం మోరీలో దిగే పని లేదు. బాగుంది. మరి దీన్ని నడిపేదెవరు, కడిగేదెవరురా?'

దీనికి పుస్తకంలో జవాబు లేదు. నడిపే పని మావోళ్లకే నేర్పించి, యంత్రం మావోళ్ల పేరు మీదే ఇస్తే అది ఒక రకం. కాంట్రాక్టరు కొని, రిమోటు తన బామ్మర్దికిచ్చి, బకెట్టు నాయనకిస్తే ఇంకో రకం. రోబో రెండింట్లోనూ బాగానే పనిచేస్తుంది.

ఫిబ్రవరి 22న, శివరాత్రికి నాలుగు రోజుల ముందు, నదికి అవతల దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలింది. ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు, అందులో నలుగురు జార్ఖండ్ కూలీలు. మార్చిలో హైదరాబాదు నుంచి రోబోల్ని తెచ్చినారు. ఆ నెలాఖరుకు దొరికింది రెండు శవాలే. ఉత్తరాఖండ్ సిల్క్యారాలో 2023లో డ్రిల్లింగు యంత్రం ఇరుక్కుపోతే ర్యాట్ మైనర్లు చేతుల్తో తవ్వి 41 మందిని బయటికి తెచ్చినారు. అట్లాంటోళ్లనే ఇక్కడికీ పిలిపించినారు. యంత్రం ఆగినచోట ఎవరి చేతులు మొదలవుతాయో ల్యాబులో ఎవరూ మాట్లాడరు.

రిపోర్టులో కృతజ్ఞతల పేజీ ఉంటుంది. వీసీ నుంచి ల్యాబు అసిస్టెంటు దాకా అందరి పేర్లూ పెడతారు. నేను నాయన పేరు రాసి, పక్కన 'క్షేత్ర నిపుణుడు' అని పెట్టినా. తల్లిదండ్రుల లైను వేరే ఉంది కదా అన్నాడు గైడు. 'నన్ను కన్నందుకు కాదు సార్, మోటారు తిప్పినందుకు' అన్నా. వైవాలో మోటారును వెనక్కి తిప్పే ఆలోచన ఎట్లొచ్చిందని బయటి ఎగ్జామినరు అడిగితే, మా ఇంగ్లీషోడు 'లిటరేచర్ సర్వే' అన్నాడు. నేను లేచి, శ్రీశైలంలో ముప్పై ఏండ్లుగా మోరీలు తీసే మనిషి చెప్పినాడని, ఆయన మా నాయన అని చెప్పినా. కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. ఎగ్జామినరు ఆ పేజీ తిప్పి, పేరు చదివి, పెన్నుతో కింద గీత గీసినాడు. పేరు రిపోర్టులో ఉంది, పోయి చూసుకోవచ్చు.

పోటీకి పోకముందు మా హాస్టలు మోరీలో నాలుగు వారాలు పరీక్షలు చేయాల్సొచ్చింది. ఈసారి ముందే కడిగే వంతులు రాసి ల్యాబు గోడకు అంటించినా. రోల్ నంబర్ల వరసే, ఎవరికీ ఎక్కువ తక్కువ లేదు. అమ్మాయి గ్లౌజులు తొడుక్కొని కడిగింది. కోడింగు రాసేవాడు ముక్కుకు రుమాలు కట్టుకొని కడిగినాడు. మూడో పేరు దగ్గర రెండు వారాలు టిక్కు పడలేదు. నేను కడగలేదు. రోబో అట్లే మడ్డితో ల్యాబు మధ్యలో ఉండింది.