అద్దం లేని కెమెరా – మేమిద్దరం

“మూడు లక్షలు పోసి అద్దం లేని కెమెరా కొన్నారా? గట్టిగా అడిగితే ఆ అద్దం కూడా వేసి ఇచ్చేవాడు కదండీ!”

2022 దసరాకు ఆ పెట్టె మా క్వార్టరుకు చేరిన సాయంత్రం పై అంతస్తులోని అన్నయ్యగారు అన్న మాట ఇది. ఆయన హాస్యానికి అనలేదు. కళ్ళజోడులో ఉండేదీ అద్దమే, ముఖం చూసుకునేదీ అద్దమే అయినందువల్ల వచ్చిన చిక్కు అది. కెమెరాకు ముందుండే కటకమే లేదనుకొని ఆయన నిజంగా మా కోసం బాధపడ్డారు.

తరువాత సహోద్యోగులు పలువురు అదే ప్రశ్న వేశారు కనుక ఆ సంగతి ముందే విన్నవించుకుంటాము. వెనుకటి ఎస్సెల్లార్ కెమెరాలలో కటకం వెనుక ఏటవాలుగా ఒక చిన్న అద్దం ఉండేది. లోనికి వచ్చిన వెలుగును అది పైకి మళ్ళించి మన కంటికి చేర్చేది. మీట నొక్కగానే అద్దం పైకి లేచి, వెలుగును వెనుకనున్న ఫిల్ముమీదికి, తరువాతి కాలంలో సెన్సారుమీదికి, వదిలేది. అద్దం లేని కెమెరాలో వెలుగు నేరుగా సెన్సారుమీదనే పడుతుంది. మనం కన్నుపెట్టి చూసేది ఒక చిన్న తెరను. తీయబోయే చిత్రం ఎంత వెలుతురుతో రానున్నదో తీయకముందే కనబడుతుంది. కటకాలు మార్చుకోగల ఈ తరహా కెమెరాలకు పానసోనిక్ సంస్థ 2008లో శ్రీకారం చుట్టింది. అదే సంవత్సరం నికాన్ వారి డి90, ఎస్సెల్లార్ కెమెరాలలో మొట్టమొదటగా వీడియో తీయగలిగింది. పెద్ద కెమెరాలలో ఫోటో, వీడియో ఒకే పెట్టెలో కాపురం పెట్టినది దాదాపు అప్పటినుంచే. 2018 నాటికి నికాన్, కెనాన్ సంస్థలు కూడా పూర్తి పరిమాణపు సెన్సారుతో అద్దం లేని దారి పట్టాయి.

ఒకే పెట్టెలో రెండు కాపురాలు అన్నది మా యింటికి సరిగ్గా సరిపోయే మాట. ఈ వ్యాసంలో ‘మేము’ అన్నది పెద్దరికం కోసం వాడినది కాదు. మేము దంపతులము, ఇద్దరమూ ఈ విద్యుత్ కేంద్రంలోనే పనిచేస్తున్నాము, ఒకరు టర్బైన్ నిర్వహణలో, ఒకరు ఆర్థిక విభాగంలో. ఇద్దరి ఆర్జిత సెలవులనూ నగదుగా మార్చుకొని కొన్న కెమెరా ఇది. మాలో ఆయనకు కావలసినది ఫోటో. ఆమెకు కావలసినది వీడియో.

ఇందుకు కారణాలున్నాయి. ఆయన తండ్రిగారికి ఒంటరిగా తీయించుకున్న ఫోటో ఒక్కటీ లేదు. ఇప్పుడు గోడమీద ఉన్న పటం ఎవరిదో పెళ్ళి గ్రూపు ఫోటోలోనుంచి కత్తిరించి పెద్దది చేయించినది. దగ్గరకు వెళ్ళే కొద్దీ కళ్ళు మసకబారి చుక్కలైపోతాయి. ఆమె తల్లిగారు 1999లో కాలం చేశారు. ఆమెకు చక్కని ఫోటోలు పది దాకా ఉన్నాయి, గొంతు మాత్రం ఎక్కడా లేదు. ఒక్క క్యాసెట్టులోనైనా లేదు. కనుక కెమెరా చేతికి వచ్చినప్పుడల్లా ఒకరు ముఖం కోసం, ఒకరు మాట కోసం వెతుక్కుంటారు.

ఇక కెమెరాతో నిత్యజీవితం. యాషికా రోజులలో 36 ఫోటోల రీలు వేస్తే ఒక దసరా, ఒక సంక్రాంతి గడిచేవి. ఇప్పుడు ఒక్క పుట్టినరోజుకు 600 ఫోటోలు. ఫోటోకు 3 కోట్ల 30 లక్షల బిందువులు. వీడియో అయితే మేము తీసే నాణ్యతలో సెకనుకు 100 మెగాబిట్లు, అనగా నిమిషానికి సుమారు 750 మెగాబైట్లు, గంటకు 45 గిగాబైట్లు. ఈ లెక్క ఆర్థిక విభాగంవారే వేశారు. హార్డు డిస్కులు ఒకటికి రెండు కొనవలసి వచ్చింది, ఎందుకంటే ఒకటి పాడైతే రెండవది ఉండాలి. రెండింటినీ ఒకే బీరువాలో పెట్టరాదట. ఒకటి ఇప్పుడు మరదలిగారింట్లో ఉంది. బ్యాటరీ సంగతి చెప్పనక్కరలేదు. సెన్సారు, తెర రెండూ ఎల్లవేళలా వెలుగుతూ ఉండవలసినదే కనుక ఒక్క బ్యాటరీతో ఒక రిసెప్షను గట్టెక్కదు.

మన టౌన్‌షిప్పులో కాపురముండేవారికి మరొక బెడద ఉన్నది. కిటికీ అంచులమీద పొద్దున్నే వేలితో పేరు వ్రాయగలిగినంత సన్నని బూడిద ఎక్కడికైనా చేరుతుంది. అద్దమనే అడ్డు లేదు కనుక కటకం మార్చేటప్పుడు సెన్సారు బట్టబయలు. మొదటి వేసవిలో తీసిన ప్రతి ఆకాశంలోనూ ఒకే చోట ఒకే చుక్క కనబడేది. అది పక్షి అని కొన్నాళ్ళు వాదించుకున్నాము. ఇప్పుడు కటకం మార్చవలసి వస్తే పంఖా ఆపి, తలుపు వేసి, కెమెరా ముఖం కిందికి వంచి మారుస్తాము. వానాకాలంలో కటకాలకు బూజు పట్టకుండా మూత బిగువుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెడతాము. ఆ డబ్బా ఆవకాయకని కొన్నది.

తెలివి ఎక్కువైతే వచ్చే ఇబ్బందులూ లేకపోలేదు. ఈ కెమెరా మనిషి కన్నును తనంతట తానే వెతికి పట్టుకొని దానిమీద కేంద్రీకరిస్తుంది. 2023 విశ్వకర్మ పూజలో అది గోడమీది పటంలోని విశ్వకర్మ కన్నును పట్టుకొని, ముందు కూర్చొని పూజ చేస్తున్న మా విభాగాధిపతిగారిని అరగంటసేపు మసకగానే ఉంచింది. దేవుడు మాత్రం అద్భుతంగా వచ్చాడు.

ఇవన్నీ సర్దుకుపోగలిగినవే. మా యింట అసలు తగవు సెకనులో ఎన్నో వంతు అన్నదాని దగ్గర. ఫోటోకు కదలిక నిలిచిపోవాలి. పిల్లవాడు దూకుతుంటే షట్టరు సెకనులో 500వ వంతు మాత్రమే తెరిచి మూయాలి. వీడియో అలా తీస్తే మనుషులు కీలుబొమ్మలలాగా తెగితెగి కదులుతారు. సెకనుకు 25 చిత్రాలు తీసేటప్పుడు ఒక్కొక్క చిత్రానికి 50వ వంతు సెకను వెలుగు అందాలన్నది సినిమావారి లెక్క. మన దేశంలో దీపాలకు కూడా అదే అనుకూలం. 50 హెర్ట్జ్ విద్యుత్తుతో వెలిగే దీపాలు చాలావరకు సెకనుకు నూరుసార్లు మినుకుమంటాయి. 50వ వంతులో సరిగ్గా రెండు మినుకులు ఇముడుతాయి కనుక తెరమీద చారలు పడవు. ఈ పత్రిక చదివేవారికి మరొక విధంగా చెప్పవచ్చును. మన టర్బైను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. అది ఒక్క చుట్టు తిరిగే వ్యవధే వీడియోలో ఒక చిత్రం. ఆ వ్యవధిలో చేయి కదిపితే ఫోటోలో చేయి మిగలదు, పొగ మిగులుతుంది. పైనున్న మీట ఒకసారి తిప్పితే ఫోటో, ఒకసారి తిప్పితే వీడియో. తిప్పడానికి పట్టేది అరక్షణమే. ఆ అరక్షణంలోనే జరగవలసినది జరిగిపోతుంది.

2024 జనవరి 31న మా విభాగంలో క్రేన్ ఆపరేటరు ఒకరు పదవీ విరమణ చేశారు. వారిని మేమంతా గురువుగారు అని పిలిచేవారము. టర్బైన్ హాలులో ఓవర్‌హాలింగ్ జరిగినప్పుడు టన్నులకొద్దీ బరువున్న రోటరును పైకెత్తి, తిరిగి బేరింగులలో వెంట్రుకవాసి తేడా రాకుండా దించేవారు ఆయన. మాలో ఒకరు ఏళ్ళ తరబడి కింద నిలబడి ఆయనకు చేతి సంజ్ఞలు చేసినవారే. ఆ యంత్రాల హోరులో మాట వినబడదు, చేతులే మాట్లాడాలి.

క్లబ్బు హాలులో సభ. శాలువా, పూలదండ, జ్ఞాపిక, పెద్దల ప్రసంగాలు. ఆయన 412 ఫోటోలు తీశారు. తరువాత ఆనవాయితీ ప్రకారం ఆఫీసు బండిలో, బ్యాండుమేళంతో, గురువుగారిని ఇంటికి దిగబెట్టాము. అక్కడినుంచి కెమెరా ఆమె వంతు. అది ముందుగా చేసుకున్న ఒప్పందం. గుమ్మంలో పిన్నిగారు హారతిపళ్ళెంతో నిలబడ్డారు. గురువుగారు మెడలో దండతోనే మెట్టుదగ్గర ఆగి, ఏదో అని, చేయి కిందికి చాచి కదిపి, నవ్వారు. పక్కనుంచి మాలో ఒకరు “ఫోటో! ఫోటో!” అని కేకవేశారు. మీట తిప్పేసరికి ఆయన తలవంచి లోపలికి వెళ్ళిపోయారు. ఆ రాత్రి మా యింట ఆ విషయమై జరిగిన సంభాషణ ఇక్కడ వ్రాయదగినది కాదు.

అక్టోబరులో గురువుగారు పోయారు. గుండెపోటు, ఆసుపత్రికి చేర్చేలోగానే.

పెద్దకర్మకు మూడురోజుల ముందు పిన్నిగారు కుమారుని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చారు. గోడకు పెట్టుకోవడానికి ఒక ఫోటో కావాలన్నారు. మేము కంప్యూటరు తెరిచి 412 ఫోటోలూ చూపించాము. ఒక్కొక్కటీ కనుబొమ వెంట్రుకలు లెక్కపెట్టగలిగినంత స్పష్టంగా ఉన్నది. ఆమె ఓపికగా అన్నీ చూశారు. ఆ ఫోటోలలో గురువుగారు నిటారుగా, బిగుసుకుపోయి, ఎవరో నిలబెట్టినట్లు ఉన్నారు.

“ఇవన్నీ ఆఫీసు ఫోటోలమ్మా,” అన్నారు పిన్నిగారు. “ఇంట్లోవి ఏమన్నా ఉన్నాయా?”

ఇంటిదగ్గర ఫోటోలు లేవు. వీడియో ఉన్నది. గుమ్మం దగ్గర ఆగిన ముక్క మొత్తం 47 సెకన్లు. సెకనుకు 25 చొప్పున 1175 చిత్రాలు. ఒక్కొక్కటిగా ముందుకు జరుపుకుంటూ వెళ్ళాము. నవ్వు మొదలైనచోట ఒకటి, పూర్తిగా విచ్చుకున్నచోట ఒకటి, తల వంచేముందు ఒకటి. పిన్నిగారు రెండవదానిమీద వేలు పెట్టారు. ముఖం నిలకడగా ఉన్నది, కళ్ళు స్పష్టంగా వచ్చాయి. కుడిచేయి మాత్రం మణికట్టునుంచి కిందికి చెరిగిపోయి, చూపుడువేలు గుండ్రని పొగలాగా ఉన్నది.

చేయి దాకా తెగ్గొట్టి ముఖం మాత్రం ఉంచుతామని మేము అనబోయాము. ఇంతలో మాలో నిర్వహణ విభాగంవారు ఆ చేతిని గుర్తుపట్టారు. చేయి కిందికి చాచి, చూపుడువేలు నేలవైపు పెట్టి చిన్నగా గుండ్రంగా తిప్పడం – క్రేన్ కింద నిలబడేవారెవరికైనా తెలిసిన సంజ్ఞ అది. ‘దించు’ అని. ముప్పై ఏళ్ళు పైనుంచి ఆ సంజ్ఞను చూసిన మనిషి ఆ రోజు కిందినుంచి తానే చేశారు. 500వ వంతులో తీసివుంటే ఆ వేలు ఊరికే నేలను చూపుతున్నట్లు ఉండేది. ఈ సంగతి ఒప్పుకోవడానికి మాలో ఒకరికి కొంత సమయం పట్టింది.

వీడియో చిత్రంలో మొత్తం 83 లక్షల బిందువులే. నిలువు పటానికి కత్తిరిస్తే మిగిలినవి 35 లక్షలు. గోడంత పెద్దది చేయలేము కానీ 6×8 అంగుళాలకు చక్కగా సరిపోతుంది. చేయితో సహా అలాగే ఉంచి పట్టణంలో ప్రింటు వేయించి ఇచ్చాము.

అయితే ఆ రోజు పిన్నిగారు ఫోటో ఎంచుకున్నాక లేవలేదు. వీడియో ఆడించమన్నారు. ఆడించాము. అప్పటికి మేము విడిగా మైకు కొనలేదు. కెమెరాలో ఉండే చిన్న మైకు బ్యాండుమేళాన్ని పూర్తిగా పట్టుకొని మరే ధ్వనికీ చోటు ఇవ్వలేదు. గురువుగారి పెదవులు కదులుతున్నాయి. డోలు, సన్నాయి మాత్రం వినబడుతున్నాయి. గొంతు కోసం కెమెరా పట్టిన మనిషి తల ఎత్తలేకపోయింది.

“వినపడటం లేదు పిన్నిగారూ,” అన్నాము.

“నాకు వినపడుతోందిగా,” అన్నారామె తెరమీదినుంచి చూపు తిప్పకుండా. “‘ఆ క్యారేజీ ఇంక కిందకి దించెయ్యి’ అన్నారు. గుమ్మం పక్కన మేకుకి వేలాడేది చూడు, అది. ముప్పై ఏళ్ళు కట్టాను, ఏ షిఫ్టుకి ఆ షిఫ్టు. సి షిఫ్టయితే రాత్రి ఎనిమిదింటికల్లా కట్టి ఉంచాలి.” మళ్ళీ ఆడించమన్నారు. మూడుసార్లు చూశారు. మూడవసారి ఆమె కూడా ఆయనతోపాటు ఆ మాట అన్నారు, పెదవులతో మాత్రమే.

ఇటీవలి సాఫ్టువేరులతో వాద్యాల ధ్వనిని తగ్గించి మాటను పైకి తేవచ్చునని, ప్రయత్నించి చూస్తామని మాలో ఒకరు అన్నారు. ఆ 47 సెకన్ల ముక్కను కుమారుని ఫోనులోనికి పంపించి ఇచ్చేటప్పుడు పిన్నిగారు చెప్పులు వేసుకుంటూ వెనుదిరిగి చూశారు.

“ఆ బాజాలు తీసెయ్యకు బాబూ. ఆయన కోసం వచ్చాయి కదా, ఉండనీ.”